సరిహద్దు లేని రంగస్థలం: ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటక ప్రస్థానం

ఊత్తుకోట, సత్యవేడు, నాగలాపురం, తిరుత్తణి ప్రాంతాలలో నాటకం అనగానే పెద్దలకు ముందుగా గుర్తుకు వచ్చేది ధర్మరాజుల గుడి ముందు జరిగే భారతం. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, ఒకనాడు అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, చివరిరోజు మట్టితో చేసిన దుర్యోధనుని విగ్రహాన్ని కూల్చడం, ఆపై నిప్పుల గుండం. ఈ ఉత్సవంలో తెలుగెంత ఉన్నదో తమిళమూ అంతే ఉన్నది. ఒక ఊరిలో వీధినాటకం అన్నదే పక్క ఊరిలో తెరుక్కూత్తు. ఆరణి నదికి ఈ గట్టున ఒక భాష, ఆ గట్టున మరొక భాష అని గీత గీయడం ఈ కళ విషయంలో ఎన్నడూ సాధ్యపడలేదు.

పల్లెలోని వీధినాటకం విషయంలో ఇది అందరికీ తెలిసిన సంగతే. అయితే పట్టణాలలో పుట్టిన ఆధునిక నాటకం విషయంలో కూడా ఇదే జరిగిందని, తమిళ ఆధునిక నాటకరంగానికి ప్రేరణ ఒక తెలుగు నాటక సమాజం నుండి అందిందని తెలిసినవారు తక్కువ. ఆ సమాజం బళ్లారిలోని సరస వినోదినీ సభ. దానిని నడిపినవారు న్యాయవాది, నటుడు, నాటక రచయిత అయిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు. ‘ఆంధ్ర నాటక పితామహుడు’ అని సాహిత్య చరిత్రకారులు గౌరవంగా పిలిచేది ఆయననే. కొన్ని గ్రంథాలలో కృష్ణమాచార్యులు అన్న పేరుతోనూ కనిపిస్తారు.

అప్పటి తెలుగు నాటకం

రామకృష్ణమాచార్యులు 1853లో జన్మించి 1912లో కన్నుమూశారు. ఆయన యౌవనంలో ఉన్నప్పుడు తెలుగులో ఆధునిక నాటకం ఇంకా నడక నేర్చుకుంటున్నది. కోరాడ రామచంద్రశాస్త్రి రచించిన ‘మంజరీ మధుకరీయం’ అప్పటికే వెలువడినది గాని రంగస్థల సంప్రదాయమంటూ ఏర్పడలేదు. యక్షగానం, వీధినాటకం, తోలుబొమ్మలాట, ఇవే ప్రజల ముందున్న ప్రదర్శన కళలు. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం కోస్తా జిల్లాలలో పర్యటించి తెరలు, రంగాలంకరణలతో కూడిన కొత్త ప్రదర్శన పద్ధతిని చూపింది. ఆ సంవత్సరమే రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత ‘వ్యవహార ధర్మబోధిని’ని ఆడించారు. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో ‘కీచక వధ’ ప్రదర్శనతో సురభి నాటక కుటుంబం వృత్తి ప్రస్థానం మొదలైనది.

ఇదే దశకంలో బళ్లారిలో మూడవ పాయ తలెత్తింది. వీరేశలింగం నాటకాన్ని సంఘ సంస్కరణకు సాధనంగా చూశారు. సురభి వారు దానినే జీవనోపాధిగా ఎంచుకున్నారు. రామకృష్ణమాచార్యులు, ఆయన మిత్రులు పగలు కచేరీలలో, కార్యాలయాలలో పని చేసుకుంటూ, తీరిక వేళల్లో నాటకాన్ని సాధన చేశారు. ఈ మూడవ మార్గాన్నే నేడు ఔత్సాహిక నాటకరంగం అంటున్నాం.

బళ్లారి ఇందుకు అనువైన పట్టణం. జిల్లా కేంద్రం కావడంతో అక్కడ న్యాయస్థానాలు, వాటితో పాటు న్యాయవాదులు, ఉద్యోగులు, ఉపాధ్యాయులు ఉండేవారు. తెలుగు, కన్నడం రెండూ వీధులలో వినిపించేవి. మరాఠీ, పారసీ నాటక సమాజాల ఒరవడి కూడా ఆ వైపు వ్యాపించి ఉండేది. పైగా బళ్లారి, మదరాసు అప్పట్లో ఒకే రాజధాని పాలనలోని పట్టణాలు. రాకపోకలకు ఏ రాష్ట్ర సరిహద్దూ అడ్డు కాదు.

రచయిత, నటుడు, నిర్వాహకుడు

1880ల ద్వితీయార్ధంలో సరస వినోదినీ సభ ఏర్పడింది. సభ కోసం రామకృష్ణమాచార్యులు తొలుత రచించిన తెలుగు నాటకాలలో ప్రసిద్ధమైనది ‘చిత్రనళీయం’. నలదమయంతుల కథ అందరికీ తెలిసినదే. కొత్తదనం కథలో కాక కూర్పులో ఉన్నది. సంభాషణలకు వచనం, భావం ఉప్పొంగే చోట పద్యం, వినోదానికీ రసపుష్టికీ పాట, ఈ మూడింటినీ ఒకే నాటకంలో పొందుపరచి ప్రేక్షకులను ఆకట్టుకున్నారు. తెలుగు నాటకంలో పాటలకు స్థిరమైన చోటు కల్పించినవారిలో ఆయనదే అగ్రస్థానమని విమర్శకులు అంటారు.

ఆయన రచించినవి ముప్పై నాటకాల వరకు ఉన్నాయి. ‘ప్రహ్లాద’, ‘పాదుకా పట్టాభిషేకం’, ‘ప్రమీలార్జునీయం’, ‘మోహినీ రుక్మాంగద’, ‘బృహన్నల’, ‘విషాద సారంగధర’ వాటిలో పేరెన్నికగన్నవి. ఎక్కువ భాగం పురాణ కథలు. వాటిని రాసినది గ్రంథాలయంలో భద్రపరచడానికి కాదు, సభలోని నటుల చేత ఆడించడానికి. ఎవరి కంఠం పద్యానికి అనువుగా ఉన్నది, ఎవరు హాస్యం పండించగలరు, ఏ సన్నివేశానికి ఏ తెర కావాలి అన్న విషయాలు ఎరిగి రాసే అవకాశం ఆయనకు ఉండేది. తాను స్వయంగా ప్రధాన పాత్రలు ధరించేవారు. రచయితే నటుడైనప్పుడు మాటకు నోటిలో తిరిగే గుణం వస్తుంది. పలకడానికి ఇబ్బంది కలిగించే వాక్యం ప్రయోగశాలలోనే జారిపోతుంది.

స్త్రీ పాత్రలను పురుషులే ధరించడం ఆ కాలపు ఆచారం. వీధినాటకంలో ఉన్న ఆచారమే పట్టణ సభలలోనూ కొనసాగింది. ఈ విషయంలో బళ్లారి సభ కాలానికి ఎదురు నడవలేదు. ఆ పని తరువాతి తరం వారికి మిగిలింది.

విషాదాంతం అనే సాహసం

ఆయన నాటకాలలో చరిత్రలో నిలిచినది ‘విషాద సారంగధర’. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుని చుట్టూ అల్లుకున్న కథ ఇది. రాజు కుమారుడు సారంగధరునిపై సవతి తల్లి చిత్రాంగి మనసు పడుతుంది. అతడు తిరస్కరించగా, ఆమె అతనిపైనే నేరం మోపుతుంది. రాజు విచారణ లేకుండా కుమారుని కాలుచేతులు నరికించవలసినదిగా ఆజ్ఞాపిస్తాడు. పూర్వ కావ్యాలలో సిద్ధుని అనుగ్రహంతో సారంగధరునికి తిరిగి అవయవాలు వస్తాయి. వినేవారి మనసు కుదుటపడుతుంది.

రామకృష్ణమాచార్యులు ఆ ఊరటను తీసివేశారు. నాటకం దుఃఖంతోనే ముగుస్తుంది. సంస్కృత నాటక సంప్రదాయం మంగళాంతాన్ని కోరుతుంది. పల్లెలో వీధినాటకం సైతం చివరికి హారతితో, మంగళంతో ముగుస్తుంది. అటువంటి వాతావరణంలో ప్రేక్షకులను కన్నీటితో ఇంటికి పంపించడం సాహసమే. ఆంగ్ల విద్యతో పరిచయమైన షేక్స్పియర్ విషాదాంత నాటకాల ప్రభావం ఇందులో ఉన్నదని విమర్శకుల అభిప్రాయం. ‘విషాద’ అన్న మాటను పేరులోనే చేర్చడం వలన ప్రేక్షకునికి రచయిత ముందే హెచ్చరిక చేసినట్లయింది.

ఈ మార్పు కేవలం శిల్పానికి సంబంధించినది కాదు. కథలో సిద్ధుడు వచ్చి అంతా సరిచేస్తే, తొందరపడి తీర్పు చెప్పిన తండ్రి తప్పు మరుగున పడిపోతుంది. సరిచేసేవారు ఎవరూ రానప్పుడు ఆ తప్పు భారం రాజు మీదనే నిలుస్తుంది. ఇరుపక్షాలనూ వినకుండా తీర్పు చెప్పరాదని వృత్తిరీత్యా ఎరిగిన న్యాయవాది ఈ కథను ఇలా మలచడంలో ఆశ్చర్యపడవలసినది లేదు.

1891: మదరాసులో ఒక ప్రదర్శన, ఒక యువకుడు

1891లో సరస వినోదినీ సభ మదరాసుకు వచ్చి తెలుగు నాటకాలు ప్రదర్శించింది. ప్రేక్షకులలో పద్దెనిమిదేళ్ల తమిళ విద్యార్థి ఒకరున్నారు. ఆయన పేరు పమ్మల్ సంబంధ మొదలియార్. అప్పటికి తమిళ వృత్తి నాటకాల పట్ల ఆయనకు సదభిప్రాయం లేదు. మర్యాదస్థులు నాటకాలాడరన్నది నాటి మదరాసు సమాజంలో బలంగా నాటుకున్న భావన. బళ్లారి నుండి వచ్చినవారు చదువుకున్న పెద్దమనుషులు, ఉద్యోగులు, న్యాయవాదులు. వారు ముఖానికి రంగు పూసుకుని వేదిక ఎక్కడం, ఆ ప్రదర్శన నాణ్యత, రెండూ ఆ యువకుని అభిప్రాయాన్ని మార్చివేశాయి.

ఆ ఏడాదే, 1891 జూలై 1న, మిత్రులతో కలిసి ఆయన సుగుణ విలాస సభను స్థాపించారు. బళ్లారి సభ తనకు ప్రేరణ అని ‘నాటక మేడై నినైవుగళ్’ అన్న తన తమిళ స్మృతి గ్రంథంలో ఆయన దాచుకోకుండా రాసుకున్నారు. తరువాతి కాలంలో ఆయన న్యాయవాదిగా, న్యాయమూర్తిగా పనిచేస్తూనే తొంభైకి చేరువగా తమిళ నాటకాలు రచించారు. సారంగధర కథను తమిళంలోనూ నాటకంగా మలిచారు. 1959లో పద్మభూషణ్ అందుకుని, 1964లో పరమపదించారు. తమిళ నాటక పితామహులలో ఒకరిగా తమిళులు ఆయనను గౌరవిస్తారు.

సుగుణ విలాస సభ విక్టోరియా పబ్లిక్ హాలు కేంద్రంగా దశాబ్దాల పాటు నాటకాలు ఆడింది. సభలో తెలుగు నాటకాల విభాగం కూడా ఉండేది. అంటే ప్రేరణ ఇచ్చిన భాషకు ఆ సభ తన ఇంటిలోనే చోటు ఇచ్చింది. సంబంధ మొదలియార్ ‘మనోహర’ నాటకం 1954లో చలనచిత్రంగా వచ్చినప్పుడు శివాజీ గణేశన్ నటించగా, దర్శకత్వం వహించినది తెలుగువాడైన ఎల్.వి. ప్రసాద్. ఇచ్చిపుచ్చుకోవడం ఆ విధంగా సాగుతూనే వచ్చింది.

మేనమామ తరువాత మేనల్లుడు

బళ్లారిలో రామకృష్ణమాచార్యులకు సమకాలికుడు, పోటీదారు కూడా అయిన మరొక న్యాయవాది కోలాచలం శ్రీనివాసరావు (1854-1919). సుమనోరమ సభ ద్వారా చారిత్రక నాటకాలకు ఆయన ప్రాచుర్యం తెచ్చారు. ప్రపంచ నాటక చరిత్రను ఆంగ్లంలో గ్రంథంగా వెలువరించారు. ఒకే పట్టణంలో రెండు సభలు పోటీపడటం వలన ఇద్దరి నాటకాలూ మెరుగుపడ్డాయి. ప్రేక్షకులకు పోల్చిచూసే అవకాశం దొరికింది.

రామకృష్ణమాచార్యుల మేనల్లుడే బళ్లారి రాఘవ (1880-1946). తాడిపత్రిలో పుట్టి, మదరాసులో చదివి, బళ్లారిలో న్యాయవాదిగా స్థిరపడిన రాఘవ, కోలాచలం వారి ‘రామరాజు’లో పఠాన్ రుస్తుం పాత్రతో విశేష ఖ్యాతి గడించారు. 1928లో ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షాను కలుసుకున్నారు. మేనమామ నాటకంలోకి తెచ్చిన పాటలు, పద్యాలు క్రమేణా నటనను మింగివేసే స్థితి వచ్చినప్పుడు, రాగాలాపన తగ్గించి మాటకూ ముఖకవళికలకూ ప్రాధాన్యం ఇవ్వాలని పట్టుబట్టినవారు ఆయన. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని వాదించి, విద్యావంతులైన మహిళలను వేదికపైకి తీసుకువచ్చారు. మేనమామ కట్టిన ఇంటికి మేనల్లుడు కిటికీలు తెరిచాడని చెప్పుకోవచ్చు.

గొప్పతనానికి మరో ముఖం

ఔత్సాహిక సభల చరిత్రలో పొగడ్తకు తగినది ఎంతో ఉన్నది. అయితే మరొక ముఖాన్ని కూడా గమనించడం న్యాయం. ‘పెద్దమనుషులు ఆడే నాటకం’ అన్న పేరు సభలకు గౌరవాన్ని తెచ్చిన మాట నిజం. అదే మాట వృత్తి నటులను, వీధినాటకం వారిని చిన్నచూపు చూడటానికీ దారితీసింది. పగలు న్యాయస్థానంలో ఆదాయం ఉన్నవారికి రాత్రి నాటకం సరదా. నాటకం మీదనే పొట్టపోసుకునేవారికి ఆ వెసులుబాటు లేదు. భారతం ఆడించే పల్లెలలో వేషం కట్టే కళాకారుడు తెల్లవారే దాకా గజ్జెల బరువుతో గంతులు వేసి, పగలు కూలికి వెళ్లేవాడు. అతని పేరు ఏ సాహిత్య చరిత్రలోనూ ఎక్కలేదు.

రామకృష్ణమాచార్యుల నాటకాలకు ఆధారం కూడా ఆ పల్లె ప్రేక్షకుల అభిరుచే. పురాణ కథ, పద్యం, పాట, హాస్యగాడు, ఇవన్నీ యక్షగానం, వీధినాటకం పెంచి పోషించినవి. పట్టణ సభ వాటికి తెర, టిక్కెట్టు, అచ్చుపుస్తకం చేర్చింది. కనుక ఆధునిక నాటకం పల్లె కళకు శత్రువు కాదు, ఒకవిధంగా దాని చదువుకున్న బిడ్డ.

బళ్లారి, తిరుత్తణి: రెండు సరిహద్దులు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లా విడిపోయింది. ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. బళ్లారి పట్టణం మైసూరు రాష్ట్రంలో చేరి నేడు కర్ణాటకలో ఉన్నది. అంటే ఆంధ్ర నాటక పితామహుని కర్మభూమి ఆంధ్రలో లేదు. అయినా అక్కడ రాఘవ పేరిట కళామందిరం నిలిచి ఉన్నది. తెలుగు, కన్నడ కళాకారులిద్దరికీ రాఘవ ఆత్మీయుడే.

ఈ ప్రాంతానికి అటువంటి గీత 1960 ఏప్రిల్ 1న పడింది. పటాస్కర్ సూచనల మేరకు జరిగిన సరిహద్దు మార్పులలో చిత్తూరు జిల్లా నుండి తిరుత్తణి ప్రాంతం మదరాసు రాష్ట్రానికి, చెంగల్పట్టు జిల్లా నుండి సత్యవేడు పరిసరాలు ఆంధ్రప్రదేశ్‌కు మారాయి. భూములు, బంధుత్వాలు, గుడి పండుగలు మాత్రం మారలేదు. ఊత్తుకోట సంతకు వచ్చేవారిలో రెండు రాష్ట్రాలవారూ ఉంటారు. సురుటుపల్లి పళ్లికొండేశ్వరుని దర్శనానికి ఇటువారు అటు వెళ్తారు.

మారినది చదువు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ప్రకారం తమిళనాడు పాఠశాలల్లో ఒకటవ తరగతి నుండి తమిళం తప్పనిసరి అయినది. ఉండే రాష్ట్రపు భాషను నేర్వడం బిడ్డలకు మేలే. అయితే దానితో పాటు ఇంటి భాష చదవడం, రాయడం కూడా నేర్చే అవకాశం అన్ని ఊళ్లలోనూ సమానంగా దొరకడం లేదు. అలా దొరకని ఇళ్లలో తాత నోట పద్యం ఉంటుంది, మనవడికి అది అర్థమవుతుంది, పుస్తకంలో అచ్చువేసి ఇస్తే మాత్రం చదవలేడు. చెవికి అందే తెలుగు కంటికి అందకుండా పోతున్నది. తరువాతి తరంలో చెవికి కూడా అందదేమో అన్న భయం నిరాధారం కాదు.

నాటకం చేయగల మేలు

ఇక్కడే నాటకం విలువ తెలుస్తుంది. అక్షరం రానివానికి కూడా భాషను అందించగల సాధనం అది. ధర్మరాజుల గుడి ముందు కూర్చున్నవారిలో చదువురానివారు తరతరాలుగా భారతాన్ని విన్నారు, పద్యాన్ని కంఠస్థం చేశారు. ఒక్క వేషం నేర్చుకునే పిల్లవాడు కనీసం వంద వాక్యాలు స్పష్టంగా పలకడం నేర్చుకుంటాడు. ఒత్తులు, దీర్ఘాలు, విరుపు పద్యంతో నోటికి పట్టినంతగా పాఠంతో పట్టవు.

బళ్లారి సభ నేర్పిన పాఠం మరొకటి ఉన్నది. దానికి రాజాశ్రయం లేదు, ప్రభుత్వ నిధి లేదు. ఒక పట్టణంలోని ఉపాధ్యాయులు, న్యాయవాదులు, గుమాస్తాలు వారానికి కొన్ని సాయంత్రాలు కేటాయించడమే దాని పెట్టుబడి. అటువంటి పని నేటి పల్లెలలోనూ సాధ్యమే. వేషం కట్టిన పెద్దలు బతికి ఉండగానే వారి పద్యాలను, దరువులను చేతిఫోనులో రికార్డు చేసి, ఒక నోటుపుస్తకంలో రాయించి ఉంచవచ్చు. తెలుగు లిపి రాని పిల్లలు తొలుత తమిళ లిపిలో రాసుకుని నేర్చినా తప్పులేదు. పలుకు నిలిస్తే లిపి తరువాత నేర్చుకోవచ్చు. పలుకే పోతే లిపి వచ్చినా ప్రయోజనం స్వల్పం. కందుకూరి వీరేశలింగం జన్మదినమైన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నారు. వేసవి సెలవులకు ముందు వచ్చే ఆ రోజును ఊరిలో ఒక చిన్న ప్రదర్శనకు ముహూర్తంగా పెట్టుకోవచ్చు.

రామకృష్ణమాచార్యుల నాటకాలు నేడు తరచుగా ఆడటం లేదు. వాటిలోని భాష నేటి పిల్లలకు బరువుగా తోస్తుంది. కాని తెలుగులో ఆడిన ఒక నాటకం తమిళ యువకుని హృదయాన్ని కదిలించి, తమిళంలో ఒక నాటక యుగానికి దారితీసిన సంగతి పాతబడేది కాదు. ఇంటిలో తెలుగు మాట్లాడటం చిన్నతనమని సంకోచించే సరిహద్దు పిల్లలకు ఈ చరిత్ర చెప్పవలసి ఉన్నది. వారి తమిళ స్నేహితులకూ చెప్పవలసినదే. ఇద్దరికీ ఇది సొంత కథ.